రెండు లిపులు – ఒక యంత్రం

మన కళాశాల ఆవరణలో రెండు లిపులు ఇరుగుపొరుగువలె నివసిస్తున్నవి. ఒకటి ఎడమ నుండి కుడికి నడుస్తుంది. రెండవది కుడి నుండి ఎడమకు నడుస్తుంది. ఈ వార్షిక సంచికలోనే ఒక అట్ట నుండి తెలుగు, రెండవ అట్ట నుండి ఉర్దూ ప్రారంభమై నడుమ కలుసుకొంటున్నవి. కర్నూలు, కడప పట్టణాలలో పుట్టి పెరిగినవారికి ఇందులో వింత ఏమీ లేదు. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, ఒక్కొక్కప్పుడు ఒకే వాక్యంలో రెండూ మనకు అలవాటే.

కాని కంప్యూటరు ఎదుట కూర్చున్నంతనే ఈ పొత్తు చెదరిపోతున్నది. తెలుగు ఒక యంత్రంపై, ఉర్దూ మరొక యంత్రంపై, వేర్వేరు ఉపకరణాలతో కూర్చబడి, చివరకు బైండింగులో మాత్రమే ఏకమవుతున్నవి. ఈ రెండు లిపులనూ ఒకే యంత్రంలో, ఒకే పుటపై, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో నెలకొల్పవచ్చునా అను కుతూహలంతో గత వేసవిలో ఒక కొత్త లాప్‌టాప్‌పై మేము చేసిన ప్రయత్నాన్ని విద్యార్థుల ఎదుట ఉంచుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆపరేటింగ్ సిస్టం అనగా యంత్రానికీ మనిషికీ నడుమ దుబాసీ వంటిది. కీబోర్డుపై వేలు మోపుట మొదలు తెరపై అక్షరం వెలుగుట వరకు జరిగే వ్యవహారమంతా దాని ఆధీనంలోనిదే. దాని మూలరచనను, అనగా సోర్స్ కోడును, చాలా సంస్థలు రహస్యంగా ఉంచుతవి. ఈ పద్ధతికి భిన్నంగా 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ఉద్యమాన్ని ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో ఇరువది యొక్క సంవత్సరాల విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను కెర్నెల్‌ను రచించి, మరుసటి సంవత్సరం దానిని గ్నూ లైసెన్సు క్రిందకు తెచ్చెను. ఆ లైసెన్సు సారాంశం ఇది: ఈ రచనను ఎవరైనను వాడవచ్చును, చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, మార్చి పంచువారు తామనుభవించిన ఈ హక్కులనే పుచ్చుకొన్నవారికి కూడ ఈయవలెను.

మన చదువరులకు వక్ఫ్ అను మాటను విడమరచి చెప్ప నక్కరలేదు. వక్ఫ్ చేసిన బావి నీటిని ఎవరైనా తోడుకొనవచ్చును. ఆ బావిని తన ప్రహరీలో కలుపుకొను అధికారం మాత్రం ఎవరికీ లేదు. వక్ఫ్ ఆస్తి అమ్మరానిది, ఈ సాఫ్ట్‌వేరు ప్రతులను అమ్ముకొనవచ్చును. ఆ భేదం ఉన్నది. అయినను నలుగురి సొత్తును ఒక్కరి సొత్తు కానీయరాదను నియమం రెంటికీ సమానం. నీటి విలువ తెలిసిన ఈ సీమవారికి ఆ నియమం బరువు వేరుగా చెప్ప నవసరం లేదు.

ఈ ఉద్యమం మన దేశానికి కొత్తది కాదు. సి-డాక్ సంస్థ రూపొందించిన భారత్ ఆపరేటింగ్ సిస్టం సొల్యూషన్స్, అనగా బాస్ లినక్స్, 2007లో వెలువడి భారతీయ భాషలకు తావిచ్చింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేయు లినక్స్‌ను, బడిపిల్లలకై బాల స్వేచ్ఛను తీర్చిదిద్దింది. మేము మాత్రం తరచుగా నవీకరణలు లభించునదని తలచి 2024 ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 24.04ను ఎంచుకొన్నాము.

యంత్రం ఎంత కొత్తదైతే పని అంత సులువని తలచుట సహజం. వాస్తవం ఇందుకు విరుద్ధం. లాప్‌టాప్‌లోని ప్రతి భాగానికీ డ్రైవరు అను చిన్న ప్రోగ్రాము కావలెను. భాగాన్ని తయారుచేసినవారు విండోస్‌కు డ్రైవరును ముందే సమకూర్చెదరు. లినక్స్‌కు అది కొంత ఆలస్యంగా చేరుట కద్దు. కావున రెండేండ్ల పాత యంత్రం చెప్పినట్లు వినును. నిన్న పెట్టె విప్పిన యంత్రం కొంత మొండికేయును.

మొదట మా ఫైళ్ళన్నిటినీ వేరుగా భద్రపరచుకొని, డిస్కుకు వేసియున్న తాళం రికవరీ కీని కాగితంపై వ్రాసికొన్నాము. విండోస్‌ను తొలగించక, దాని భాగాన్ని కుదించి 120 జి.బి. ఖాళీ చేసినాము. దాదాపు 6 జి.బి. పరిమాణం గల ఉబుంటు ఫైలును రాత్రివేళ దింపుకొని, దాని ముద్రాసంఖ్యలోని 64 అక్షరాలను అధికారికంగా ప్రకటించిన సంఖ్యతో సరిచూచి, 8 జి.బి. పెన్‌డ్రైవుపై ఎక్కించినాము. పెన్‌డ్రైవు నుండియే వ్యవస్థను నడిపి చూచుకొను వీలున్నందున, డిస్కును ముట్టుకొనకముందే లోటుపాట్లు బయటపడినవి.

మొదటి లోటు: డిస్కు కనుపించలేదు. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు రైడ్ తరహా పద్ధతిలో అమర్చబడి ఉండును; దానిని బయోస్‌లో ఎ.హెచ్.సి.ఐ. పద్ధతికి మార్చవలెను. విండోస్ కూడ ఉన్నచోట ముందుగా దానిని సేఫ్ మోడ్‌లో లేచునట్లు సిద్ధపరచి, పిమ్మట ఈ మార్పు చేయవలెను; లేనిచో అది లేవకపోవచ్చును. రెండవ లోటు: వైఫై లేదు. వైఫై లేనిదే దాని డ్రైవరును దింపుకొనలేము. డ్రైవరు లేనిదే వైఫై రాదు. దీనికి ఉపాయం చేతిలోని మొబైల్ ఫోనే. దానిని యు.ఎస్.బి. తీగతో కలిపి ఇంటర్నెట్‌ను పంచుకొని, కొత్త కెర్నెల్‌ను స్థాపించి, యంత్రాన్ని మరల లేపగా వైఫై వచ్చింది. సెక్యూర్ బూట్ అను కట్టడిని తొలగించ నవసరం కలుగలేదు. ఉబుంటు తొలి ప్రోగ్రాముకు మైక్రోసాఫ్ట్ వారి సంతకం ఉన్నందున యంత్రం దానిని అంగీకరించును. ఈ పనికంతటికీ పట్టినది రెండు సాయంకాలాలు.

ఇక అసలు పని. సెట్టింగులలో తెలుగు, ఉర్దూ కీబోర్డులను చేర్చినాము. తెలుగుకు ఇన్‌స్క్రిప్టు గలదు. ఆంగ్లాక్షరాలతో తెలుగు టైపుచేయు ఆర్.టి.ఎస్. పద్ధతి కూడ గలదు. ఈ రెండవది అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదివిన మన తెలుగువారు కల్పించి నలుగురికీ పంచినది. అక్షరరూపాలకు సైతం కొరత లేదు. పెద్దన, ధూర్జటి, సూరన్న పేర్లతో ఉచిత యూనికోడ్ ఫాంట్లున్నవి. నంద్యాల ప్రభువుల ఆస్థానకవి పేరిటి ఫాంటులో కర్నూలు అను మాటను వ్రాసి చూచుకొనుట మాకు చిన్న సంతోషం.

ఉర్దూ మొదట నస్ఖ్ శైలిలో కనుపించింది. ఉర్దూ శాఖలోని మా పెద్దలొకరు కండ్లద్దాలు సవరించుకొని చూచి, "హురూఫ్ అన్నీ ఉన్నాయి సాబ్, నడకే లేదు" అన్నారు. వారి మాట నిజం. ఉర్దూ చదువరి కంటికి నస్తాలీఖ్ కావలెను. అందులో మాట కుడి నుండి ఎడమకు ఏటవాలుగా జారుచు దిగును. పక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరమూ రూపు మార్చుకొనును. నోటో నస్తాలీఖ్ ఉర్దూ అను ఉచిత ఫాంటును చేర్చగా ఆ నడక వచ్చింది. లిబ్రే ఆఫీసులో ఒక పేరా తెలుగులో, దాని క్రింద మరొక పేరా ఉర్దూలో, దేని దిక్కు దానిదిగా నిలిచినవి.

తెలుగు వత్తులను క్రింద చేర్చుటకును, నస్తాలీఖ్ అక్షరాలను అల్లుటకును అక్కడ పనిచేయునది ఒకే ప్రోగ్రాము. దాని పేరు హార్ఫ్‌బజ్. ఇది పారశీకపు మాట: హర్ఫ్ అనగా అక్షరం, బాజ్ అనగా తెరచినది. ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్ దీని ప్రధాన రచయిత. మన తెలుగు జ్ఞానాన్నీ, ఉర్దూ ఇల్మ్‌నూ ఒకే తెరచిన రచన తీర్చిదిద్దుచున్నదన్న సంగతి మన కళాశాలవారికి ప్రత్యేకంగా ఆనందదాయకం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' వంటి ఒక తెలుగు అక్షరసంపుటి ఎదురైనంతనే ఐఫోన్లలోని ప్రోగ్రాములు కుప్పకూలినవి. మూలరచన మూసియున్నందున, తయారీదారే సవరణను విడుదల చేయువరకు అక్షరం తెలిసిన తెలుగువారు సైతం వేచియుండవలసి వచ్చెను. తెరచిన రచనలోనూ తప్పులుండును. కాని దానిని సవరించు హక్కు తప్పును కనుగొన్నవానికి కూడ ఉండును.

సవరణ అనగానే కడప జ్ఞప్తికి వచ్చును. 1820లో తొలిసారి కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్, పిమ్మట అచటి తన బంగళాలో పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథానికి పలు తాటాకు ప్రతులను తెప్పించి, వాటిని పోల్చి, లేఖక దోషాలను దిద్ది, శుద్ధప్రతులను వ్రాయించెను. ప్రతులను ఎవరికివారు పెట్టెలో దాచుకొనియుంటే ఆ పరిష్కరణకు అవకాశమే ఉండెడిది కాదు. పలువురు చూచిన ప్రతిలో దోషం దాగదు. ఈ సాఫ్ట్‌వేరు కూడ ఇట్టి నమ్మకంపైననే నిలిచియున్నది.

ఇందువలన అన్నీ సుగమమని మేము చెప్పము. కొన్ని అకౌంటు ప్రోగ్రాములు లినక్స్‌పై నడువవు. కొన్ని ప్రింటర్లకు డ్రైవర్లు లేవు, కొనకముందే విచారించుకొనవలెను. పట్టణంలోని ముద్రాపకులు తమకు అలవాటైన ఫైళ్ళనే కోరెదరు. విండోస్‌ను ప్రక్కన ఉంచుకొనుట ఈ కారణాల వలననే.

అయినను ఈ విషయంలో మనకొక అత్యవసరం కలదు. మన వార్షిక సంచికల పాత ఫైళ్ళలో కొన్ని యూనికోడ్‌కు పూర్వపు పద్ధతిలో కూర్చబడినవి. ఆ ఫైలులో తెలుగు 'క' ఉండదు. ఏదో ఆంగ్ల సంకేతముండి, ఫాంటు దానికి 'క' ముసుగు తొడుగును. ఆ ఫాంటు లేనిచోట మన విద్యార్థుల కవితలు, గురువుల స్మృతివ్యాసాలు అర్థంలేని గుర్తుల వరుసలు. కాగితం ప్రతులు చెదలకు చిక్కినచో ఆ రచనలు మనకిక లేనట్లే. 1991లోనే యూనికోడ్ తన తొలి రూపంలో తెలుగుకూ, ఉర్దూ వ్రాసెడి అరబ్బీ లిపికీ స్థానమిచ్చినది. ఆ స్థానాన్ని మనం వినియోగించుకొనకపోవుట ఇకనైనా మానవలెను.

కావున కళాశాల కమిటీవారికి మా మనవి రెండు. రాబోవు సంచికను రెండు భాషలలోనూ యూనికోడ్‌లోనే కూర్పించి, పాత సంచికలను క్రమంగా ఆ రూపానికి మార్పించవలెను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11ను భరించలేని పాత కంప్యూటర్లను తుక్కుకు వేయక, లినక్స్ ఎక్కించి విద్యార్థులకు అప్పగించవలెను.

విద్యార్థి మిత్రులారా! ఈ వ్యవస్థలోని తెలుగు, ఉర్దూ అనువాదాలు చాలచోట్ల అసంపూర్ణంగా ఉన్నవి. వానిని పూరించుటకు పెద్ద పట్టా అక్కరలేదు. రెండు భాషలు, కొంత ఓపిక చాలును. ఆ రెండు భాషలు మీకు ఇంటిలోనే లభించినవి. ఓపికను మాత్రం మీరు సంపాదించుకొనవలెను.