పచ్చ బర్ఫీ

కాశీకి వెళ్ళి వచ్చినవారు గంగను గురించీ, విశ్వనాథుని గురించీ వ్రాస్తారు. నేను ఒక మిఠాయి ముక్కను గురించి వ్రాయబోతున్నాను. పెద్దలు క్షమించాలి.

మాది బరంపురం. తాతగారి నాటినుంచి ఇక్కడే. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడినప్పుడు మేము కదలలేదు, రాష్ట్రమే మామీదుగా మారింది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. మా జిల్లా పేరు గంజాం అని చెప్పగానే బయటి ఊళ్ళవాళ్ళు ఒక చిరునవ్వు నవ్వుతారు. అది ధాన్యపు కొట్టుకు చెప్పే మాటనుంచి వచ్చిందని మా పెద్దలంటారు గాని, వినేవాళ్ళకు కావలసింది అది కాదు గదా!

మా నాన్నగారు 2021 మే నెలలో పోయారు. ఆ రోజులు మీకందరికీ తెలుసు. నలుగురు మోసుకువెళ్ళే భాగ్యం కూడా లేకపోయింది. అస్థికలు గోపాలపురం సముద్రంలో కలిపి వచ్చాము. అప్పుడే అమ్మ, "కాశీకి తీసుకువెళ్ళి అక్కడ పిండం పెట్టించు, తొమ్మిది నిద్రలు చేసి వద్దాము" అన్నది. సెలవు దొరికి, డబ్బు కూడి, 2023 మాఘమాసంలో బయలుదేరాము. అమ్మకు అప్పటికి 72 ఏళ్ళు.

మొగల్ సరాయి స్టేషనుకు 2018లో దీనదయాళ్ ఉపాధ్యాయ పేరు పెట్టారు. అమ్మ మాత్రం ఆ పేరు బోర్డుమీద నేను చదివి చెప్పినా, "మొగల్ సరాయే, మీ తాత చెప్పేవారు" అని తేల్చేసింది. చెన్నపట్నం నుంచి ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో పరివారంతో బయలుదేరి, కాశీ చూసి ఇల్లు చేరేసరికి మరుసటి ఏడు సెప్టెంబరు వచ్చింది. మాకు రెండు రోజులు చాలినవి. అయినా నడుము నొప్పి అని నేనే ముందుగా మూలిగాను.

మానససరోవర ఘాటు దగ్గర ఒక తెలుగు సత్రంలో దిగాము. ఆ పాండే హవేలీ సందుల్లో తిరుగుతుంటే కాశీకి వచ్చామా, రాజమండ్రి వచ్చామా అన్నట్లుంటుంది. బోర్డులమీద తెలుగక్షరాలు, గుమ్మాల ముందు ముగ్గులు, పూరీలతో పాటు ఇడ్డెనలు. కేదారఘాటు పడవవాళ్ళకు తెలుగూ వచ్చు, అరవమూ వచ్చు. అక్కడి గుడి గోడకూ, మెట్లకూ ఎరుపు తెలుపు చారలు. అవి చూడగానే అమ్మకు ప్రాణం లేచివచ్చింది.

కాశీలో తీపి తినేవాడికి చలికాలమే సరియైన కాలం. తెల్లవారేసరికి వీధుల్లో మలయ్యో అని ఒకటి అమ్ముతారు. కాచిన పాలను రాత్రి మంచులో ఆరుబయట ఉంచి, వేకువన చిలికి, పైకి వచ్చిన నురగలో కుంకుమపువ్వూ, ఏలకులూ కలిపి, చిన్న మట్టి ముంతలో వేసి ఇస్తారు. ఒక ముంత ఒక మనిషికి. నోట్లో పెట్టుకొంటే ఉన్నట్లూ లేదు, లేనట్లూ లేదు. ఎండ ఎక్కితే నురగ దిగిపోతుంది, కాబట్టి ఆలస్యంగా లేచేవారికి ఆ యోగం లేదు. అమ్మ రోజూ ఒక ముంత తిన్నది. "మీ నాన్న ఉంటే రెండు తినేవారు" అని ప్రతిరోజూ అన్నది.

ఇక అసలు సంగతికి వస్తాను. గొదౌలియా వైపు పోతే ఠండాయి దుకాణాలుంటాయి. బాదంపప్పు, గసగసాలు, సోపు, మిరియాలు, ఏలకులు, గులాబి రేకులు మెత్తగా రుబ్బి చల్లని పాలలో కలుపుతారు. మామూలుదా, భంగుదా అని అడిగి, భంగుదంటే పచ్చని ముద్ద ఒకటి అందులో కలుపుతారు. ఆ ఆకు అమ్మే దుకాణాలు వేరుగా ఉన్నాయి, ప్రభుత్వపు లైసెన్సు బోర్డుతోసహా. గుమాస్తాగాడిని గనుక బోర్డు చూడగానే నాకు చట్టం గుర్తుకు వచ్చింది. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే పూత, కాత ఉన్న కొసలు. చరస్ అంటే ఆ మొక్క జిగురు. కొసలు కలవకుండా విడిగా ఉన్న ఆకునూ, గింజనూ ఆ నిర్వచనంలోనుంచి తీసివేశారు. ఆకు సంగతి ఆయా రాష్ట్రాల ఆబ్కారీ చట్టాలకు వదిలారు. అందుచేత కాశీలో లైసెన్సుతో అమ్మే వస్తువు మరొక రాష్ట్రంలో నేరం కావచ్చు. దొరలు కూడా ఈ మొక్కమీద 1893లో ఒక కమిషన్ వేసి, మరుసటి ఏట పెద్ద రిపోర్టు తెప్పించుకొన్నారు. మితంగా వాడితే పెద్ద హాని కనబడలేదు, నిషేధం కంటే పన్నూ అదుపూ మేలు అని ఆ రిపోర్టు. పన్ను మాట దొరలు మరిచిపోతారా!

ఇంత చట్టం తెలిసినవాడికి ఆ మితం ఎంతో మాత్రం తెలియలేదు.

నాలుగో రోజు సాయంకాలం నాలుగు గంటలకు, అమ్మ సత్రంలో విశ్రమించిన సమయాన, ఒక దుకాణంలో భంగు వేసిన బర్ఫీ కనబడింది. పిస్తా బర్ఫీలాగా పచ్చగా, నేతితో నిగనిగలాడుతూ ఉన్నది. నా వయసు 46. సిగరెట్టు కాల్చి ఎరుగను. కాశీలో శివుడి సొత్తు, ఒక్క ముక్క తింటే ఏమని తిన్నాను. పాలకోవా రుచి, వెనకనుంచి పచ్చి గడ్డి వాసన. గంట చూశాను. ఏమీ లేదు. మోసం, ఒట్టి రంగు వేశాడు అనుకొని, అయిదు గంటలకు మళ్ళీ వెళ్ళి రెండవ ముక్క తిన్నాను. అదే నేను చేసిన బుద్ధిలేని పని.

తరువాత తెలుసుకొన్నదేమిటంటే, ఈ ఆకులోని మత్తు నీటిలో కరగదు, నేతిలోనూ పాల కొవ్వులోనూ కరుగుతుంది. పొగ తాగితే నిమిషాలలో ఎక్కేది, తింటే కడుపులో అరిగి కాలేయం దాకా పోయి, అక్కడ మరింత గట్టి రూపానికి మారి అప్పుడు తలకు చేరుతుంది. అరగంట పట్టవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు. ఎక్కిన తరువాత ఆరు గంటలు, ఎనిమిది గంటలు దిగదు. పైగా ముద్ద కలిపిన మిఠాయిలో ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. రెండవ ముక్క తినేవారందరూ నాలాగానే మొదటి ముక్క మోసమని తింటారట.

దశాశ్వమేధంలో గంగాహారతికి అమ్మను తీసుకువెళ్ళాను. గంటలు మోగుతున్నాయి, పెద్ద దీపాలు లేచాయి. ఆ దీపాలు పైకి లేచినవి దిగడం లేదు. ఒక గంట చప్పుడుకూ మరొక చప్పుడుకూ మధ్య నా ఉద్యోగకాలమంతా జరిగిపోయినట్లు తోచింది. నోరు ఎండిపోయింది. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినబడుతున్నది. ఎప్పుడు వదిలానో గాని, చూసుకొంటే అమ్మ చెయ్యి నా చేతిలో లేదు.

ఆ జనంలో, హిందీ ఒక్క ముక్క రాని మనిషి. నేను అరిచాననే అనుకొన్నాను, నోరు పెగలలేదట. చివరకు అమ్మే నన్ను వెతికి పట్టుకొన్నది. మెట్లమీద చతికిలబడి ఉన్నానట. నా కళ్ళు చూసి, "ఏం తిన్నావురా?" అన్నది. చెప్పాను. ఒక్క క్షణం ఏమీ అనలేదు. తరువాత కొంగుతో నా ముఖం తుడిచి, "లే. వచ్చేటప్పుడు గంగ కుడిచేతి వైపున ఉన్నది. ఇప్పుడు ఎడమచేతి వైపున ఉంటే మన సత్రం వస్తుంది" అన్నది.

ఆ లెక్కతోనే నడిపించింది. చదువు రాని మా అమ్మకు గంగే బోర్డు. దర్భంగా ఘాటు, చౌసట్టి ఘాటు, ఒక్కొక్కటి దాటడం ఒక్కొక్క ఏడుగా ఉన్నది. మెట్లు తడిగా ఉన్నాయి, కిందనే నీళ్ళు. రెండుసార్లు జారాను. దారిలో నేను నిలబడిపోయి, "ఆగమ్మా, నాన్నగారు వెనక వస్తున్నారు" అన్నానట. నాకు జ్ఞాపకమున్నంతవరకు ఆయన నిజంగానే వస్తున్నారు, చేతిలో గొడుగుతో. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. "వస్తారులే. నువ్వు మెట్టు చూసుకో" అన్నది.

కొంతదూరంలో ఒక పడవవాడు, "ఏమ్మా, బాబుకి బాగోలేదా?" అని తెలుగులో పలకరించి, రెండవ భుజం పట్టుకొన్నాడు. సత్రం దాకా దిగబెట్టి, డబ్బు పుచ్చుకోలేదు. "ప్రతి చలికాలం ఇద్దరు ముగ్గురు ఉంటారమ్మా" అన్నాడుట. ఆ మాట విని సిగ్గు కొంత తగ్గవలసింది, హెచ్చింది.

ఆ రాత్రి అమ్మ నా మంచం పక్కనే కూర్చుని నీళ్ళు పట్టింది. వాంతి అయితే పక్కకు తిప్పి పడుకోబెట్టింది. గుండె ఆగిపోతుందేమో చూడమని నేను అడగడం, ఆవిడ చెయ్యి వేసి "ఆడుతున్నదిరా" అని చెప్పడం, తెల్లవార్లూ ఇదే పని. అమ్మే స్వయంగా రక్తపుపోటు మనిషి. ఆ బర్ఫీ ఒక ముక్క ఆవిడకు తెద్దామా అని దుకాణంలో ఒక్క క్షణం అనుకొన్నాను. అది తలుచుకొంటే ఇప్పటికీ వణుకు వస్తుంది.

మర్నాడు మా అక్క కొడుకు టొరంటో నుంచి ఫోను చేశాడు. అమ్మమ్మ అంతా చెప్పేసింది. వాడు పడిపడి నవ్వి, "మామయ్యా, ఇక్కడ 2018 నుంచీ చట్టమే ఒప్పుకొన్నది. తినే రకాలు మరుసటి ఏడు వచ్చాయి. ఒక ప్యాకెట్టులో ఆ మత్తు 10 మిల్లీగ్రాములు మించకూడదు, పైన అచ్చువేసి ఉంటుంది. కొందరు ఇంట్లోనే కాఫీ కప్పులో పిండీ, పంచదారా, ఆ వెన్నా కలిపి మైక్రోవేవులో పెట్టి, రెండు నిమిషాల్లో ఒక్క మనిషికి సరిపడా కేకు చేసుకొంటారు" అన్నాడు. మన మలయ్యో ముంత వంటిదే అన్నమాట. కప్పు ఒక మనిషికే గాని, ఇంట్లో కలిపిన వెన్నలో ఎంత ఉన్నదో ఎవడు అచ్చువేశాడని అడిగాను. వాడు జవాబు చెప్పలోపల అమ్మ ఫోను లాక్కొని, "నీ కూతురికి మూడేళ్ళురా. కేకు అంటే పిల్ల ఊరుకొంటుందా? ఇంట్లో అటువంటిది ఉందా?" అని అడిగింది. అవతల నవ్వు ఆగిపోయింది. "లేదమ్మమ్మా" అన్నాడు, కొంచెం ఆలస్యంగా. అక్కడ పిల్లలు మిఠాయి అనుకొని తిని ఆసుపత్రుల పాలవుతున్న సంగతి వాడే తరువాత ఒప్పుకొన్నాడు.

తొమ్మిది నిద్రల్లో ఒకటి లెక్కకు రాలేదని అమ్మ పట్టు. రాత్రి గడిపితే చాలునని పురోహితులుగారు చెప్పినా వినలేదు. "నిద్ర అంటే నిద్రే, జాగారం కాదు" అన్నది. మా బడబాబుకు ఫోను చేసి ఒకరోజు సెలవు పెంచుకొన్నాను. కారణం జ్వరం అని చెప్పాను. పిండప్రదానం బాగా జరిగింది. చివర కాశీలో ఒక పండూ, ఒక కాయా, ఒక ఆకూ వదలాలి గదా. అమ్మ పండుకు సీతాఫలం వదిలింది. అది నాన్నగారికి ప్రాణం. కాయకు పొట్లకాయ వదిలాను. ఆకు దగ్గర నేను తోటకూర అనబోతుంటే, అమ్మ పురోహితులుగారితో, "వాడి ఆకు నేను చెబుతానండి" అన్నది. ఆయనకు సంగతి అప్పటికే తెలిసినట్లున్నది. తల వంచుకొని నవ్వుకొంటూ మంత్రం చదివారు.

బరంపురం స్టేషనులో దిగేసరికి పోలీసులు సంచులు చూస్తున్నారు. మా వైపు కొండల్లోనుంచి గంజాయి రైళ్ళలో పోతుంటుంది గనుక అది అలవాటే. నా సంచి విప్పగానే గంగనీళ్ళ చెంబులు, అడుగున ఆకుపచ్చ కాగితం చుట్టిన డబ్బా. కానిస్టేబులు డబ్బా ఎత్తి వాసన చూశాడు. నాకు మళ్ళీ నోరు ఎండింది. అమ్మ ముందుకు వచ్చి, స్వచ్ఛమైన ఒడియాలో, అవి కాశీ లాల్ పేడాలనీ, బాబా ప్రసాదమనీ, తినమనీ చెప్పింది. అతడు ఒకటి తిన్నాడు. బాగున్నదని, ఇంట్లో పిల్లలున్నారని, మరి రెండు పట్టుకువెళ్ళాడు.