రక్తములోని అంకె

బిట్రగుంటలో మా యిల్లు రైలుకట్టకు దగ్గర. మా మామగారు ఇచ్చటి షెడ్డునుండి ఆవిరియింజనులు నడపినవారు. ఆ కథలు విని విని మా అత్తగారికి ఇంజనుల సంగతి చక్కగా తెలియును.

నిరుడు వైశాఖములో ఆమెకు నొప్పి యేమియు లేకయే కన్నులు పచ్చబడెను. తోడికోడండ్రమిద్దరము పసరుమందు పోయించి పదునైదు దినములు వృథాచేసితిమి. ఒళ్ళు చిక్కుట చూచి నెల్లూరునకు గొనిపోగా, క్లోమగ్రంథిలో రాచపుండు, అనగా క్యాన్సరు, ఉన్నదనియు, చెన్నపట్నము పొండనియు చెప్పిరి. రక్తపరీక్ష కాగితములో సి.ఏ. 19-9 అనుదాని కెదుట 640 అని యుండెను. 37 వరకే సాధారణమని ప్రక్కనే అచ్చువేసియుండెను. ఆ రాత్రి మేము అన్నము ముట్టలేదు. కాగితమును బియ్యపుడబ్బాలో దాచితిమి.

చెన్నపట్నములో వైద్యురాలు మా భయమును విని యిట్లు బోధించెను. ఈ పరీక్షకు మూలమైన ప్రతిరక్షకమును 1979లో ఫిలడెల్ఫియాలోని విస్టారు సంస్థలో హిలరీ కొప్రోవ్‌స్కీయు, ఆయన సహచరులును సిద్ధపరచిరి. పుండు పెరిగినకొలది ఈ పదార్థము రక్తములో హెచ్చుట గలదు. కాని పైత్యరసపు దారి మూసికొన్నను హెచ్చును. నూటికి అయిదుగురు మొదలు పదిమంది వరకు పుట్టుకచేతనే దీనిని తయారుచేయలేరు. వారికి రోగము ముదిరినను అంకె పెరుగదు. కావున ఒక్క అంకెను జూచి ఆయుర్దాయము చెప్పరాదు. కామెర్లు తగ్గినపిమ్మట మరల పరీక్షింపవలెను. శస్త్రచికిత్సకు వెనుక దిగినచో మంచి సూచన. దిగి మరల ఎక్కినచో జాగ్రత్తపడవలెను.

నాళములో చిన్నగొట్టము పెట్టి పైత్యరసమునకు దారి చేసిన మూడు వారములకు అంకె 210 అయ్యెను. ఇక దాచుట తగదని రెండు కాగితములును అత్తగారి చేతిలో బెట్టితిమి. ఆమె కంటద్దాలు పెట్టుకొని చదివి, "మీ మామగారు ఆవిరి కొలిచే ముల్లొక్కటే చూసి బండి నడిపినారా అమ్మాయిలూ? నీళ్ళ గాజుగొట్టం చూసేవారు, ముందున్న పట్టాలు చూసేవారు. సరే, బండి నాదైతే ముల్లు మీరు దాస్తారా?" అనెను. మేము సిగ్గుపడితిమి.

శస్త్రచికిత్సయు, పిమ్మట మందులును జరిగినవి. అంకె 30కి దిగినది. మూడు నెలలకొకమారు రైలెక్కి పోయి వచ్చుచున్నాము. మొన్నటిది 58. ఈమారు ముందుగా ఆమెకే చెప్పితిమి. వచ్చువారము స్కానింగు. అంతలో ఆవకాయ పెట్టవలెనని కాయలు తానే యేరుచున్నది.

సోదరీమణులారా, ఆరోగ్యవంతులు ఊరక భయపడి ఈ పరీక్ష చేయించుకొనుటవలన ప్రయోజనము లేదు. కాని నొప్పిలేని కామెర్లు, కారణము తెలియని చిక్కుదల, ముదిమిలో క్రొత్తగా వచ్చిన మధుమేహము కనబడినచో మావలె కాలము పోగొట్టకుడు. అంకె ఎవరి రక్తములోనిదో వారికి దానిని తెలియనిండు.