యౌవనస్థుల కూటంలో మేము నేర్చుకున్నది

1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే కాపరి యౌవనస్థుల కోసం క్రైస్తవ ప్రయత్న సమాజం ప్రారంభించారు. అందులో ఊరికే కూర్చుని వినేవాళ్లుండరు. ప్రార్థనో, వాక్యమో, ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చేయాల్సిందే.

ఆ పద్ధతే మన బొల్లారం కూటంలో పెట్టాం. పెట్టి, మేమే చెడగొట్టాం. 16 ఏళ్ల తమ్ముడొకడు ప్రార్థనలో తడబడితే అందరి ముందూ సరిదిద్దాం. మూడు వారాలు రాలేదు. వాళ్ల నాన్న కంపెనీలో నైట్ షిఫ్టుకు బయల్దేరే వేళకు ఇంటికి వెళ్లి, "తప్పు మాదే నాయనా" అన్నాం. ఏమీ మాట్లాడలేదు.

మరుసటి శనివారం అందరికంటే ముందే వచ్చి చాపలు పరిచాడు. ఇప్పుడు హాజరు పుస్తకం, కానుకల లెక్క అతని చేతిలోనే ఉన్నాయి. మొన్న ఒక చిన్న పిల్లవాడు వాక్యం చదువుతూ ఆగిపోయాడు. మేము నోరు తెరవబోయాం. అంతలో ఇతనే వెళ్లి పక్కన నిలబడి, మెల్లగా ఆ మాట అందించాడు.