పరదేశమున క్రిస్మసు బంతి

ఒక జాతి స్వభావము నెఱుంగవలెనన్న దాని శాస్త్రగ్రంథములను చదువుటకంటె దాని పండుగ భోజనమును చూచుట మేలు. శాస్త్రము చెప్పినది వేఱు. బంతిలో నెవరి ప్రక్క నెవరు కూర్చుండిరన్నది వేఱు. మేము కొన్ని సంవత్సరములుగా లండను నగరమున నొక పాఠశాలలో బోధించుచున్నాము గావున, డిసెంబరు మాసమున నచ్చటి యుపాధ్యాయులతోడను మిత్రులతోడను క్రిస్మసు జరుపుకొనుట మాకు పరిపాటియైనది. ఆ యనుభవమువలన మాకు కలిగిన యాలోచనను మన గృహస్థుల ముందుంచుట యుక్తమని తోచినది.

ఆ మాసమున నచ్చట సాయంకాలము నాలుగు గంటలు కాకమునుపే సూర్యు డస్తమించును. చీకటియు చలియు హెచ్చినకొలది వీధులలో దీపములును, మనుష్యుల పలకరింపులును హెచ్చుచుండును. సెలవులకు ముందు మా పాఠశాలలో నొక వేడుక కలదు. అందఱి పేర్లను చీటీలపై వ్రాసి యొక టోపీలో వేయుదురు. ఎవరి పేరు చేతికి వచ్చునో వారికి, ఇచ్చినవా రెవ్వరో తెలియనీయక, స్వల్పమైన వెలగల కానుక నొసగవలెను. దీనిని సీక్రెట్ శాంటా యందురు. ప్రధానోపాధ్యాయురాలికి కానుక తెచ్చునది గదులూడ్చు నామె కావచ్చును. ఆమెకు తెచ్చునది ప్రధానోపాధ్యాయురాలే కావచ్చును. పిమ్మట నందఱమును కాగితపు కిరీటములు తలదాల్చి యొక్క బల్లచుట్టు కూర్చుండి భుజింతుము. మేము శాకాహారుల మగుటచే మాకు వేఱు వంటకము సిద్ధపఱుతురు. వేఱు బల్ల మాత్రము వేయరు. ఈ భేదము చిన్నది కాదు.

25వ తేదీన నగరమున రైళ్లును బస్సులును నడువవు. ఒంటరియైన పరదేశికి ఆ దినము గడచుట దుర్భరము. ఇది యెఱిగి మిత్రు లొకరు ఏటేట మమ్ము సకుటుంబముగా పిలుతురు. మేము నడచియే పోవుదుము. మా యింటి పులిహోరయు వారి బల్లపై చోటు పొందును.

ఈ పండుగ యనాదిగా నిట్లే యున్నదని తలపరాదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు దీనిని నిషేధించెను. 1660లో రాజరికము మరల వచ్చిన పిదపనే యా నిషేధము తొలగెను. డికెన్సు రచించిన క్రిస్మసు కథ వెలువడినదియు, మొదటి క్రిస్మసు కార్డు అచ్చయినదియు 1843లో. విక్టోరియా రాణి కుటుంబము చెట్టుచుట్టు నిలిచిన చిత్రము పత్రికలో వచ్చినది 1848లో. ఆచారమును మనుష్యులే మార్చుకొనిరి. మార్చుకొన్నందున మతము చెడలేదు.

ఇక మన సంగతి. మే మెఱిగిన లండను తెలుగువారిలో నీ విందులకు పోవ సంకోచించినవారు లేరు. పిల్లలచేత చెట్టు నలంకరింపజేయుదురు. కేకును ప్రీతితో నారగింతురు. మంచిదే. కాని క్రిస్మసు మన దేశమున లేదా? 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున, గుండ్లకమ్మ యొడ్డున, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెక్కురు మాదిగ కులస్థులు, మన తోడి తెలుగువారు. అట్టివారి సంతతి నేటికిని డిసెంబరులో నింటిపై నక్షత్రమును వ్రేలాడగట్టి, పిండివంటలు చేసి, పాటలు పాడుకొనుచు పండుగ చేసికొనును. ఆ పేటకు పోయి యొక్క అరిసె తినివచ్చిన అగ్రవర్ణ గృహస్థు లెందఱు? తెల్లవారి బల్లపై లేని యంటు మన యూరి క్రైస్తవుని వాకిట నెట్లు పుట్టెను?

ఈ మాట నొక మిత్రునితో ననగా, "అయ్యా, అది వేఱు, ఇది వేఱు" అనెను. ఏమి వేఱో సెలవిండనగా మౌనము వహించెను. మతభేదమే కారణమైనచో రెండు చోట్లను దూరముగా నుండవలెను. ఒకచోట చేరి, వేఱొకచోట తొలగుచున్నాము గనుక, కారణము మతము కాదు, కులము.

పరదేశమున నేర్చిన మర్యాదను విమానములో విడిచిరాక యింటికి కొనిరావలెను. రానున్న డిసెంబరులో మన పాఠకులు పిల్లలను వెంటగొని తమ యూరి క్రైస్తవుల యింటికి పోయి, పెట్టినది తిని రావలెనని మా ప్రార్థన. తరువాత మూడు వారములకే సంక్రాంతి. ఆ నాడు వారిని మన యింటికి పిలిచి, మన బంతిలోనే, మన ప్రక్కనే కూర్చుండబెట్టవలెను. విడిగా విస్తరి వేసినచో పిలువకున్నను నొకటే.