బోరుకొచ్చిన ఇంజిన్ల జాతకం

పాత బళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఇద్దరు కలిస్తే మొదట అడిగేది ఒకటేనండీ: "నంబర్లు కలిశాయా?" అని. ఫ్రేమూ ఇంజినూ జోడీగా ఫ్యాక్టరీ నుంచి వచ్చినవేనా అన్నమాట. కలిస్తే మంచి ధర, కలవకపోతే పెదవి విరుపు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం నడిపిన మోటార్‌సైకిళ్ళకి ఆ లెక్క పెట్టడం అన్యాయమని నేనంటాను. ఎందుకో చెబుతా, కాస్త కూర్చోండి.

బర్మింగ్‌హామ్‌లోని స్మాల్‌హీత్‌లో తయారైన బీఎస్ఏ ఎం20నే తీసుకుందాం. 496 సీసీ, సైడ్ వాల్వు, ఒకటే సిలిండరు, 13 హార్స్‌పవర్. 1940 నవంబరు 19 రాత్రి ఆ ఫ్యాక్టరీ మీద బాంబులు పడి 53 మంది పనివాళ్ళు పోయారు. అయినా ఆ ఫ్యాక్టరీ మూతపడలేదు. యుద్ధం ముగిసేలోపు సుమారు 1,26,000 బళ్ళు సైన్యానికి చేరాయి.

వేగంలో గొప్పది కాదు గానీ మొండి బండి. దాని శత్రువు ఇసుక. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో గాలితోపాటు ఇసుక లోపలికి పోయి సిలిండరు గోడల్ని గీకేసేది. అందుకే పెట్రోలు ట్యాంకు మీదే పెద్ద వోక్స్ ఎయిర్ ఫిల్టరు బిగించారు. అయినా ఇంజిన్ ఏదో ఒకనాటికి బోరుకి రాక, అంటే సిలిండరు అరిగిపోక, తప్పదు కదా.

వస్తే ఏం చేసేవాళ్ళు? యుద్ధరంగంలో ఇంజిన్ మొత్తం విప్పి కూర్చునే తీరిక ఎవరికుంటుంది! మనం ఖాళీ గ్యాస్ బండ ఇచ్చి నిండుది తెచ్చుకున్నట్టు, అరిగిన ఇంజిన్ వెనక్కి పంపి, బాగుచేసిన ఇంకోటి తెచ్చి బిగించేవాళ్ళు. ఆ అరిగినది బేస్ వర్క్‌షాపుకి చేరేది. 1942 అక్టోబరు 1న ఏర్పడ్డ రీమీ అనే సైనిక ఇంజినీర్ల విభాగం ఈ పనంతా చూసుకునేది. కాంట్రాక్టు మీద బయటి సంస్థలకీ అప్పజెప్పేవాళ్ళు.

అక్కడ ఇంజిన్ చివరి నట్టుదాకా విప్పేవాళ్ళు. సిలిండరు అసలు బోరు, అంటే లోపలి వ్యాసం, 82 మిల్లీమీటర్లు. దాన్ని ఇంకాస్త పెద్దది చేసి, 20 థౌ ఓవర్‌సైజు పిస్టన్ వేసేవాళ్ళు. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. 20 థౌ అంటే సుమారు అర మిల్లీమీటరు. మళ్ళీ అరిగితే 40 థౌ. బిగ్ ఎండ్ రోలర్లూ, క్రాంకు పిన్నూ కూడా చూసేవాళ్ళు.

ఇలా బాగుపడిన ఇంజిన్ల జాతకం ఇప్పుడు ఎలా చదవాలంటే, కొన్ని ఇంజిన్లకి క్రాంక్ కేసు మీద చిన్న రేకు రివెట్లతో కొట్టి ఉంటుంది. ఎక్కడ బాగుచేశారో, బోరు ఎంతో అందులో ఉంటుంది. సిలిండరు మీద +20 అని పంచ్ కొట్టి ఉంటే మొదటి బోరు అయిపోయిందన్నమాట. క్రాంక్ కేసు రెండు భాగాల అడుగున జతనంబర్లు వేరుగా కనిపిస్తే, ఆ రెండూ రెండు ఇంజిన్ల నుంచి వచ్చి ఇక్కడ కలిశాయి. నాకు ఒళ్ళు పులకరించేది అక్కడే.

ఇంకో సంగతి. ఎం20లో ఇంజినుకీ ఫ్రేముకీ ఫ్యాక్టరీలోనే వేర్వేరు నంబర్లు. సైన్యం నడిపిన మరో బండి నార్టన్ 16హెచ్‌లో మాత్రం రెండూ ఒకటే. కాబట్టి నార్టన్‌లో నంబర్లు తేడాగా ఉంటే ఇంజిన్ మారిందని తెలుస్తుంది. ఎం20లో అంత మాత్రం చేత ఏమీ తేలదు. బీఎస్ఏ డెస్పాచ్ లెడ్జర్లు బ్రిటన్‌లో వింటేజ్ మోటార్‌సైకిల్ క్లబ్బు భద్రపరిచింది. వాటిలో రెండు నంబర్లనీ విడివిడిగా వెతికించాలి.

మీ చేతికి అలాంటి ఇంజిన్ దొరికితే, దయచేసి శాండ్ బ్లాస్టింగుకి పంపకండి. ముందు ఆ రేకుల్నీ పంచ్ గుర్తుల్నీ ఫోటో తీయండి. పాత రంగుని చెక్క ముక్కతో మెల్లగా గీకండి, వైరు బ్రష్షు వద్దు. ఊడిన రేకుని పారేయకుండా మళ్ళీ అదే చోట రివెట్లు కొట్టించండి.