చెరువులవేనంలో ఒక రాత్రి

అమ్మ పోయి అప్పటికి అయిదు నెలలు. చివరి రాత్రి తను ఫోన్ చేస్తే, "ఇంట్లో చుట్టాలున్నారమ్మా, రేపు చేస్తా" అన్నాను. ఆ రేపు రాలేదు. అప్పట్నుంచీ ఫోన్ మోగితే చాలు, గుండె దడ.

ఇలాగైతే నేను మనిషిని కానని, డిసెంబరు సెలవుల్లో మావారు అందరినీ లంబసింగి తీసుకెళ్లారు. చింతపల్లి దగ్గర, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉండే మన్యం ఊరది. పక్కనే చెరువులవేనం కొండ మీద టెంట్లో మా బస. నాకేమో పొద్దున్నే పాలెలా, టిఫినేంటి అన్న బెంగే!

రాత్రి చలికి పళ్లు టకటక కొట్టుకున్నాయి. హాస్టల్లో ఉండి చదువుకునే మా అమ్మాయి నా దుప్పట్లోకి దూరింది. చీకట్లో నోరెలా పెగిలిందో, ఎవరికీ చెప్పని ఆ ఫోన్ సంగతి దానికి చెప్పేశాను.

కాసేపు ఊరుకుని, "నేను ఫోన్ చేస్తే 'పొయ్యి మీద కూరుందే, తర్వాత చేస్తా' అంటావుగా. నీకు నా మీద ప్రేమ లేదనుకుంటానా? అమ్మమ్మ మాత్రం ఎందుకనుకుంటుంది?" అంది.

అయిదు నెలల ఏడుపూ అప్పుడొచ్చింది.

తెల్లారి చూస్తే లోయ నిండా మబ్బులు, మా కాళ్ల కింద, ఏకి పోసిన దూదిలా. మావారు టీ పెట్టిచ్చారు. పంచదార ఎక్కువైంది. ఏమీ అనకుండా తాగాను.

ఇప్పటికీ ఫోన్ మోగితే అమ్మ గుర్తొస్తుంది. దడ మాత్రం తగ్గింది. మొన్న అమ్మాయి చేస్తే "తర్వాత చేస్తా" అనేశాను కూడా. చేశాను లెండి, కూర దించగానే!