ఫైలు ఉంది, వెతికిన చోటే వేరు

మా తాడేపల్లికి వచ్చే మెహమాన్‌లకి ముందే చెబుతుంటాం. రైలు టికెట్ కోసం ‘తాడేపల్లి’ అని వెతికితే తాడేపల్లిగూడెం కనబడొచ్చు, అది పశ్చిమ గోదావరి జిల్లా, దిగాల్సింది కృష్ణా కెనాల్‌లో అని. ముందు కనిపించిన పేరు దగ్గరే ఆగిపోతే మనింటికి చేరరు కదా. కంప్యూటర్ కూడా అలాగే ఆగిపోతుందని మా భాంజీ పుణ్యమా అని ఇంటిల్లిపాదికీ తెలిసింది.

తను బీటెక్ రెండో ఏడు. దులాభాయ్ గుంటూరు మిర్చియార్డులో గుమాస్తా. రూపాయి రూపాయి కూడబెట్టి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. ప్రాజెక్టు కోసం తను కొత్త కంపైలర్, దాంతోపాటు ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ వేసుకుంది. ప్రోగ్రామ్ కంపైల్ చేస్తే మాత్రం ‘నో సచ్ ఫైల్’ అని ఎర్రర్. మూడుసార్లు తీసేసి మళ్లీ వేసింది. అదే జవాబు. తిండీ నిద్రా మానేసింది. ఆపా పరేషానైపోయి ఫోన్ చేసింది: “దీనికి ఈ చదువు ఎక్కట్లేదేమో భాయ్. మొన్నొచ్చిన రిష్తాకి హా అనేద్దామా?”

ఆదివారం జొహర్ నమాజ్ తర్వాత వెళ్లాను. చూస్తే ఫైలు డిస్కులో సలామత్‌గా ఉంది!

కంపైలర్ డిస్కంతా గాలించదు. దాని దగ్గర కొన్ని ఫోల్డర్ల ఫెహరిస్తు ఉంటుంది. వాటిలోనే, ఆ వరసలోనే చూస్తుంది. ‘లేదు’ అంటే ‘నేను చూసిన చోట లేదు’ అని మతలబు.

‘వేర్ జీసీసీ’ అని కొట్టమన్నాను. రెండు దారులొచ్చాయి. పైన, పాత ఓనర్ వదిలేసిన పాత జీసీసీ. కింద, భాంజీ వేసుకున్న కొత్తది. ‘పాత్’ సెట్టింగ్‌లో ముందున్నదాన్నే విండోస్ పిలుస్తుంది. ఆ పాతది తన ఇంట్లో వెతుకుతోంది, లైబ్రరీ ఏమో కొత్తదాని ఇంట్లో ఉంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో కొత్త దారిని పైకి జరిపి, టెర్మినల్ మూసి మళ్లీ తెరిచింది.

ఈసారి ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంది. భాంజీ మొహం వాడిపోయింది. “ఫికర్ వద్దు బేటా, ముందుకే వెళ్లాం. హెడర్ దొరికింది, ఇప్పుడు అడుగుతున్నది లింకర్” అన్నాను. హైఫన్ పెట్టి పెద్ద ‘ఐ’ రాస్తే హెడర్లున్న ఫోల్డర్ చూపించినట్టు, పెద్ద ‘ఎల్’ రాస్తే లైబ్రరీలున్న ఫోల్డర్, చిన్న ‘ఎల్’ రాస్తే లైబ్రరీ పేరు. ఆ పేరు సోర్స్ ఫైలు తర్వాతే రావాలి. అంతా తనే రాసింది. విండో తెరుచుకుంది.

ఆపా చాయ్ తెచ్చి మెల్లగా అడిగింది: “అయితే పిల్లది గల్తీ కాదా?”

“కాదాపా. పాత ఓనర్ సామాను దారికి అడ్డంగా ఉంది, అంతే.”

స్క్రీన్ మీద ఎర్రక్షరాలు చూసి ఎందరు ఆడపిల్లల తకదీర్ తేల్చేస్తున్నామో! ఆ రాత్రే దులాభాయ్ రిష్తా వాళ్లకి ఫోన్ చేసి, పిల్ల చదువయ్యాక మాట్లాడుకుందాం అని చెప్పేశాడు.